గుర్తు లేని బ్యాలెట్, బీ-ఫారం లేని సిట్టింగ్

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్నాడు. ఈమధ్యే అక్కడి పౌరసత్వం వచ్చింది. వాళ్ల కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడు రో ఖన్నా 2016లో సొంత పార్టీ సిట్టింగ్ సభ్యుణ్ణే నవంబరు ఎన్నికల్లో ఓడించి గెలిచాడట. నేను సర్వీసంతా పోలింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి. ఒకే పార్టీ ఇద్దరికి బీ-ఫారం ఎలా ఇస్తుంది? ఈయన రెబెల్‌గా నిలబడ్డాడా? ఎన్నిసార్లు చెప్పినా నా తలకెక్కలేదు.
– ఖమ్మం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీ అబ్బాయి సరిగానే చెప్పాడు. మీకు ఎక్కకపోవడంలోనూ తప్పు లేదు. ముప్ఫై ఏళ్లు పౌరశాస్త్రం పాఠం చెప్పిన నాకే ఆ బ్యాలెట్ కళ్లతో చూసేదాకా ఎక్కలేదు.

మీరు చెప్పిన ఎన్నికకు రెండేళ్ల ముందు, 2014 అక్టోబరులో నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఒక సాయంత్రం తపాలాలో దళసరి కవరు వచ్చింది. పప్పుగిన్నె పక్కకు జరిపి భోజనాల బల్ల మీదే దాన్ని విప్పాం. గవర్నరు పదవికి జెర్రీ బ్రౌన్ పోటీ ఒకచోట. నీటి పనులకు బాండ్లు అమ్మాలా వద్దా అన్న దానితో కలిపి, రాష్ట్రమంతటా ప్రజల తీర్పు కోరిన అంశాలు ఆరు మరోచోట. వీటి మధ్య కాంగ్రెస్ 17వ నియోజకవర్గం, అందులో రెండే పేర్లు: అప్పటి సిట్టింగ్ మైక్ హోండా, రో ఖన్నా. ఇద్దరి పేరు దగ్గరా డెమోక్రటిక్ పార్టీయే. దాంతోపాటు ఎవరి వృత్తి ఏమిటో రెండు మూడు మాటల్లో. హస్తం లేదు, సైకిల్ లేదు, కమలం లేదు.

"గుర్తేదే?" అన్నాను.

"గుర్తులుండవక్కా, చదువుకుని వేయాలి" అంది మా చెల్లెలు, ఏదో ఇంటిపన్ను కాగితం నింపుతున్నంత నిమ్మళంగా.

వేలికి సిరా చుక్క కూడా లేదు. కవరు మీద సంతకం చేస్తే దాన్ని ఓటరు నమోదు పత్రంలోని సంతకంతో పోల్చి చూస్తారు. అది నవంబరు 4 రాత్రి 8 గంటల లోపు చేరకపోతే చెల్లదు (మరుసటి ఏడాది నుంచి ఆ నిబంధన సడలించారు). పెట్టెలకు లక్క ముద్రలు వేసి, రాత్రంతా వాటికి కాపలా పడుకున్న మీలాంటివారు ఇది వింటే ఏమంటారో నాకు తెలుసు.

ఇక బీ-ఫారం సంగతి. అసలు అక్కడ అలాంటిదే లేదు. మన సిట్టింగ్ ఎంపీకి ఎన్నికల ముందు నిద్ర పట్టనిది ఓటరు వల్ల కాదు, అధిష్ఠానం వల్ల. జాబితా వచ్చేదాకా హైదరాబాదులోనో విజయవాడలోనో ఢిల్లీలోనో నాయకుల గుమ్మాల దగ్గర పడిగాపులు. అమెరికాలో ఆ జాబితా రాసే అధికారం పార్టీ నాయకుల చేతుల్లో లేదు. ప్రైమరీ అనే తొలి విడత ఎన్నిక పెట్టి, టికెట్టు ఎవరిదో ఓటర్లనే తేల్చమంటారు. పార్టీ పెద్దలు ఒకరికి మద్దతు ప్రకటించవచ్చు, రెండోవాణ్ణి నిలబడవద్దని శాసించలేరు.

కాలిఫోర్నియా ఇంకో అడుగు ముందుకు వేసింది. 2010 జూన్‌లో అక్కడి ఓటర్లు 14వ ప్రతిపాదనను ఆమోదించారు. 2012 నుంచి అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రైమరీలో పోటీ పడాలి. అందులో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారు, ఏ పార్టీవారైనా సరే, నవంబరుకు వెళతారు. ప్రైమరీలోనే సగానికి మించి ఓట్లు వచ్చినా నవంబరు పోటీ తప్పదు. కాబట్టి ఖన్నా రెబెల్ కాదు, ఇండిపెండెంటూ కాదు. ఆయన ఆ మొదటి ఇద్దరిలో ఒకడు, 2014లో అయితే రెండో స్థానంలో వచ్చాడు, అంతే.

ఈ రెండో స్థానంలోనే కిటుకంతా ఉంది. 2014 జూన్‌లో జరిగిన ప్రైమరీలో హోండాకు 48 శాతం, ఖన్నాకు 28 శాతం వచ్చాయి. మామూలు లెక్కన ఇది చిత్తు ఓటమి. పార్టీలోపలే తేలిపోయే పాత పద్ధతి ఉంటే హోండా ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, నవంబరు దాకా లేవనక్కర్లేదు. ఎందుకంటే ఆ నియోజకవర్గంలో రిపబ్లికన్ గెలవడం కల్ల. కానీ జూన్‌లో వడపోతకు పోయిన అభ్యర్థుల ఓటర్లు, ఏ పార్టీకీ చెందమని రాయించుకున్నవారు, అందరూ నవంబరులో ఈ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాలి. వాళ్లకు సిట్టింగ్ మీద మమకారం ఎందుకుంటుంది? ఇరవై శాతం తేడా నాలుగు శాతం లోపుకు పడిపోయింది. హోండాకు 69,561, ఖన్నాకు 64,847. మండల స్థాయి ఎన్నికలో చూసే మెజారిటీతో కాంగ్రెస్ సభ్యుడు బయటపడ్డాడు.

హోండా గురించి కూడా చెప్పాలి, ఓడినవారి కథ మనవాళ్లు త్వరగా మరిచిపోతారు. 1941లో కాలిఫోర్నియాలోనే పుట్టిన జపాను సంతతి మనిషి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఆ సంతతివారిని నిర్బంధించినప్పుడు పసివాడిగా తల్లిదండ్రులతో కొలరాడోలోని అమాచీ శిబిరంలో ఉన్నాడు. పెద్దయ్యాక శాంతిదళంలో (పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ) చేరి ఎల్ సాల్వడార్‌లో రెండేళ్లు పనిచేశాడు, ఆ తర్వాత బడిపంతులు, ప్రధానోపాధ్యాయుడు. 2001 నుంచి కాంగ్రెస్‌లో ఉన్నాడు. జపాను సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన స్త్రీలకు ఆ దేశం క్షమాపణ చెప్పాలన్న తీర్మానాన్ని 2007లో ప్రతినిధుల సభ (కాంగ్రెస్‌లోని దిగువ సభ) చేత ఆమోదింపజేసింది ఈయనే. పూర్వీకుల దేశాన్నే నిలదీసిన పంతులు. నేనూ పంతులమ్మనే కాబట్టి నా మొగ్గు ఎటో దాచను.

ఖన్నా 1976లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పంజాబీల బిడ్డ. తాత అమర్‌నాథ్ విద్యాలంకార్ స్వాతంత్ర్య సమరయోధుడు, మన లోక్‌సభలో సభ్యుడు. న్యాయవాదిగా ఉంటూ 2004లోనే వేరే నియోజకవర్గంలో టామ్ లాంటోస్ అనే సిట్టింగ్ మీద నిలబడి ఓడాడు. తర్వాత ఒబామా ప్రభుత్వంలో వాణిజ్య శాఖలో పనిచేశాడు. అయినా 2014లో ఒబామా మద్దతు ఇచ్చింది హోండాకే. సిలికాన్ వ్యాలీ సంపన్నులు చాలామంది ఖన్నా వైపు, కార్మిక సంఘాలు హోండా వైపు. ఆ ఏడాది దీపావళి విందులో మనవాళ్లు దీని మీదే గొంతులు పోయేలా వాదించుకున్నారు. "మనవాడు రావాలి" అని ఒకాయన బల్ల గుద్దాడు. నేను ఊరుకోక, ఈ బల్ల చుట్టూ ఓటున్నవారు ఎందరని అడిగాను. పదకొండు మందిలో చేతులెత్తింది ఇద్దరు. వాళ్లలో ఒకరు మా చెల్లెలు, ఆవిడ ఓటు హోండాకు. బల్ల గుద్దినాయనకు ఇంకా గ్రీన్ కార్డే రాలేదు.

2016లో కథ తిరగబడడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. కాంగ్రెస్ కార్యాలయపు సిబ్బందినీ వనరులనూ ఎన్నికల పనికి వాడారన్న ఆరోపణ మీద 2015లో సభ నైతిక వ్యవహారాల సంఘం హోండాపై విచారణ కొనసాగిస్తున్నట్టు ప్రకటించింది. రెండోది, అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. 2014లో ఈ స్థానానికి పోలైన ఓట్లు లక్షా ముప్ఫై నాలుగు వేలు. 2016లో రెండు లక్షల ముప్ఫై మూడు వేలు. కొత్తగా గుమ్మం దాటి వచ్చిన ఆ లక్ష మందిలో హోండా పాత అభిమానులు ఎందరుంటారు? జూన్‌లోనే ఖన్నా 39 శాతంతో ముందుకొచ్చాడు, హోండా 37 దగ్గర ఆగాడు. నవంబరులో 61–39. నా మటుకు నాకు, హోండా ఓడింది 2016లో కాదు, 2014లో నెగ్గిన రాత్రే. ఈయన్ని ఓడించవచ్చు అని ఆ రాత్రి ఊరందరికీ తెలిసిపోయింది.

ఒక్కటి మాత్రం మీ అబ్బాయికి చెప్పండి, ఇది అరుదైన సంగతి. అమెరికా ప్రతినిధుల సభకు మళ్లీ నిలబడే సిట్టింగ్‌లలో సాధారణంగా నూటికి తొంభై మందికి పైగా గెలుస్తారు. పదవీకాలం రెండేళ్లే. చేతిలో కార్యాలయం, జీతం ఇచ్చి పెట్టుకున్న సిబ్బంది, నియోజకవర్గానికి ప్రభుత్వ ఖర్చుతో ఉత్తరాలు రాసే సౌకర్యం. విరాళాలిచ్చేవారు ముందు వాళ్ల తలుపే తడతారు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు హెచ్1బీ మీద శాంటా క్లారాలో ఉన్నారు. ఓటు లేదు కాబట్టి ఆ కాంగ్రెస్ సభ్యుడికి వీళ్లు లెక్కలోకి రారా?
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్షరాలా లెక్కలోకి వస్తారమ్మా. పదేళ్లకోసారి చేసే జనగణనలో పౌరులతో పాటు అక్కడ నివసించేవారందరినీ లెక్కిస్తారు. ఆ తలల లెక్క మీదే 435 స్థానాలను రాష్ట్రాలకు పంచి, సరిహద్దులు గీస్తారు. 2010 లెక్కల ప్రకారం ఒక్కో నియోజకవర్గానికి ఏడు లక్షల మంది చొప్పున వచ్చారు. ఆ లెక్కలతో గీసిన 17వది ఆసియా సంతతివారే సగానికి మించి ఉన్న స్థానం. మీ అల్లుడు ఓటు వేయకపోయినా, ఆ నియోజకవర్గం అంత చిన్నదిగా, ఆ ఆకారంలో ఉండడంలో అలాంటివారి వంతు ఉంది.

వీసా కాగితం ఎక్కడైనా ఆగిపోతే సభ్యుడి స్థానిక కార్యాలయానికి రాయవచ్చు. తన వివరాలు చూసేందుకు అనుమతిస్తూ ఒక పత్రం మీద సంతకం చేయమంటారు, అది చేస్తేనే సంబంధిత శాఖను అడుగుతారు. అడగడం వరకే, ఇవ్వమని ఆజ్ఞాపించలేరు. ఓటుందా అని మాత్రం ఎవరూ అడగరు.

ప్రశ్న: మార్పు కావాలని గెలిచిన ఖన్నా ఇప్పుడు తానే సిట్టింగ్ కదా? ఇలా ఎన్నిసార్లు నిలబడవచ్చు?
– విశాఖపట్నం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఎన్నిసార్లయినా. అధ్యక్షుడికి రెండుసార్లు అన్న హద్దు ఉంది గానీ కాంగ్రెస్‌కు లేదు. రాష్ట్రాలు సొంతంగా అలాంటి హద్దు పెట్టడం చెల్లదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఖన్నా 2018, 2020, 2022, 2024లలో వరసగా నెగ్గాడు, ప్రతిసారీ మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో. 2020లోనూ 2022లోనూ ఎదుట నిలిచిన రిపబ్లికన్ రితేష్ టాండన్ కూడా భారత సంతతివాడే. బల్ల గుద్దినాయన అప్పుడు ఎవరిని "మనవాడు" అన్నాడో కనుక్కోవాలని నాకు ఇప్పటికీ కోరిక.

మా చెల్లెల్ని 2016 నవంబరులో ఫోనులో అడిగాను, ఈసారి ఓటు ఎవరికే అని. "కవరు అతికించేశానక్కా" అంది.