నీ గౌతమికి ఒక్క రిపేరు పెట్టు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మొన్న ఆదివారం అందింది. రెండుసార్లు చదివాను. కోనసీమ సముద్రం పాలయ్యాక ఇక్కడి జనాన్ని ఎక్కించుకుని చుక్కల్లోకి వెళ్లే నౌకకి గౌతమి అని పేరు పెట్టావు చూడు, ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. మన పిల్లలు ఇలాంటి కథ రాస్తే నౌకకి ఇంగ్లీషు పేరో, నోరు తిరగని సంస్కృతమో పెడతారు. నువ్వు మన ఏటి పాయ పేరు పెట్టావు. చాలా సంతోషం.

కానీ ఆ నౌక నేను ఎక్కలేకపోయాను తల్లీ. వెండిలా మెరుస్తోంది, ఎక్కడా అతుకు లేదు, చప్పుడు లేదు, వాసన లేదు. ఆరో పేజీలో ఉల్క తగిలి తూటు పడింది. అమ్మయ్య, ఇప్పుడు కథ మొదలైందనుకున్నాను. ఏడో పేజీలో కంప్యూటర్ తనంతట తానే దాన్ని పూడ్చేసుకుంది. ఎవరి చేతికీ మసి అంటలేదు.

స్టార్ వార్స్ నీకు ఇష్టమన్నావు కాబట్టి ఆ సినిమాల్లోని మిలేనియం ఫాల్కన్ అనే అంతరిక్ష నౌక సంగతే తీసుకుందాం. 1977లో వచ్చిన మొదటి సినిమాలో హీరో ల్యూక్ దాన్ని చూడగానే ఇదేం డొక్కు అంటాడు. అది యుద్ధనౌకగా పుట్టలేదు, సరుకులు మోసే ఓడ. దాన్ని నడిపే హాన్ సోలో దాన్ని పేకాటలో లాండో అనే పాత స్నేహితుడి దగ్గర గెలుచుకున్నాడు. దొంగసరుకు రవాణా హాన్ బతుకుతెరువు కాబట్టి నేల పలకల కింద అరలు ఉన్నాయి. శత్రువులు ఓడని పట్టి లోపలికి లాక్కున్నప్పుడు అందరూ ఆ అరల్లోనే దాక్కుంటారు. చూశావా, ఆ ఓడ ఏం పని చేసి బతికేదో అదే వాళ్ల ప్రాణం కాపాడింది. మరి నీ గౌతమి ఈ జనాన్ని ఎక్కించుకోక ముందు ఏం పని చేసేది? కొబ్బరికాయలు మోసిందా, ఉప్పు మోసిందా? కథలో ఎక్కడా లేదు.

ఆ సినిమా వాళ్లు ఫాల్కన్ నమూనా తయారుచేసినప్పుడు బొమ్మల షాపుల్లో దొరికే ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్లు కొని, ఆ ముక్కలు విడదీసి పైన అతికించారు. అందుకే దాని ఒళ్లంతా గొట్టాలు, మూతలు, మాసికలు. 1980లో వచ్చిన రెండో సినిమా కోసం అసలు సైజులో ఒకటి కట్టారు. కట్టింది ఎక్కడనుకున్నావు? వేల్స్‌లో పెంబ్రోక్ డాక్ అనే ఓడల ఊళ్లో, ఒకప్పుడు నీటి మీద వాలే విమానాలు పెట్టిన షెడ్డులో. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మన తాళ్లరేవు గుర్తొచ్చింది. అక్కడ పడవ కట్టే చోట ఒక పూట నిలబడు. చెక్కల సందుల్లో నార కుక్కుతుంటారు చూడు. నీళ్లు ఎక్కడినుంచి రావచ్చో వాళ్ల చేతులకి తెలుసు. నీ నౌకలోకి శూన్యం ఎక్కడినుంచి రావచ్చో నీకు తెలియాలి.

ఆ రెండో సినిమాలో ఫాల్కన్ కథంతా ఒక్క రిపేరు మీద నడుస్తుంది. మొదట్లోనే ఇంజను మొరాయిస్తే హాన్ పిడికిలితో గోడమీద ఒక్క గుద్దు గుద్దుతాడు, లైట్లు వెలుగుతాయి. కాంతివేగం అందుకునే యంత్రం మాత్రం పనిచేయదు. అది పనిచేయలేదు కాబట్టే గ్రహశకలాల మధ్యకి దూరారు, దూరారు కాబట్టే దాక్కున్నారు, దాక్కున్నారు కాబట్టే రిపేరుకి టైము దొరికింది. వాళ్లతో ఉన్న రాకుమారి లేయా ఒక మీట తిప్పలేక అవస్థ పడుతుంటే హాన్ దగ్గరికి వస్తాడు, అక్కడే మొదటి ముద్దు. అంతలో బంగారు రంగు రోబో వచ్చి రివర్స్ పవర్ ఫ్లక్స్ కప్లింగ్ దొరికిందని చెప్తుంది. అదేమిటో చూసేవాళ్లకి తెలియదు, తెలియక్కర్లేదు. వాళ్లకి కనపడేది ఆ మీటా, నొప్పెట్టిన ఆమె చెయ్యీ.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పనీ. పదకొండేళ్లుంటాయి. అంతర్వేది తీర్థం చూసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు వస్తున్నాం. చీకటి పడింది. ఏటి మధ్యలో ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. పాటు తీస్తోంది, పంటు మెల్లిగా సముద్రం వైపు జరుగుతోంది. డీజిల్ లైనులో గాలి పట్టిందన్నాడు డ్రైవరు. ఎవరైనా లైటు పట్టండి బాబూ అంటే మా నాన్న టార్చి తీసుకుని వెళ్లాడు. ఇంకొకళ్లు ఈ పంపు కొట్టండి అంటే పక్కనున్న మనిషి కూర్చున్నాడు. ఆ మనిషి మా చిన్నాన్న. పొలం గట్టు తగాదాలో వాళ్లిద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. తీర్థంలో ఎదురుపడినా మొహాలు తిప్పుకున్నారు.

డ్రైవరు నట్టు వదులు చేశాడు. చిన్నాన్న చిన్న మీటని బొటనవేలితో కొడుతుంటే పైపు దగ్గర డీజిల్ నురగలు నురగలుగా వస్తోంది. నాన్న వంగి చూస్తూ, "మెల్లిగా కొట్టరా, నురగ ఇంకా పోలేదు" అన్నాడు. నాలుగేళ్లలో అదే మొదటి మాట. నురగ పోయి నూనె తేటగా వచ్చాక నట్టు బిగించారు, ఇంజను అందుకుంది. ఒడ్డు చేరాక వాళ్లిద్దరూ ఒకే గుడ్డకి చేతులు తుడుచుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ డీజిల్ వాసన నా ముక్కులోనే ఉంది.

నీ కథలో అన్న, చెల్లెలు ఒకే నౌకలో ఉండి మాట్లాడుకోరు. పదకొండు పేజీలు మాట్లాడుకోకుండానే గడిచాయి, చివర్లో ఎందుకో ఏడ్చి కలిసిపోయారు. ఆ తూటుని కంప్యూటర్‌కి వదిలేయకు. వాళ్లిద్దరి చేతుల్లో పెట్టు.

ఇంకొక్క మాట. "మూడు కాంతి సంవత్సరాల తర్వాత తిరిగొచ్చారు" అని రాశావు. కాంతి సంవత్సరం కాలానికి కాదు, దూరానికి కొలత, దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. కంగారు పడకు, మొదటి స్టార్ వార్స్‌లో హాన్ సోలో కూడా ఒక ప్రయాణాన్ని 12 పార్సెక్‌ల లోపే పూర్తిచేశానని గొప్ప చెప్పుకుంటాడు. పార్సెక్ కూడా దూరమే, 3.26 కాంతి సంవత్సరాలు. 2018లో వచ్చిన సినిమాలో అతను ప్రమాదకరమైన అడ్డదారిలో వెళ్లి దూరం తగ్గించాడని చూపించారు. నీకు అంత అవస్థ వద్దు, ఇప్పుడే దిద్దుకో.

వచ్చే శనివారం సఖినేటిపల్లి రేవుకి రా, నేను వస్తాను. పంటులో ఇంజను పక్కన నిలబడి రెండుసార్లు అటూ ఇటూ వెళ్దాం. ఏడో పేజీ తీసుకురా, మిగతావి ఇంట్లోనే ఉండనీ.