పుల్లతో కెలక్కండి!

ప్రశ్న: ఒకే రోజు, ఒకే ట్రేలో టమాటా, మిరప గింజలు వేశాను. టమాటా 6వ రోజుకే మొలిచింది. మిరప 12 రోజులైనా జాడ లేదు. తవ్వి చూస్తే గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కాకర గింజలు 2 రోజులు నానబెట్టి వేస్తే కుళ్ళిపోయాయి. ఇప్పుడు టమాటా నారు కూడా ఒక్కొక్కటే వాలిపోతోంది. గింజలే మంచివి కావంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: గింజల్ని అప్పుడే తిట్టకండమ్మా. ముందు ఆ తవ్వి చూడటం మానండి. నేనూ ఒకప్పుడు ఆత్రం పట్టలేక పుల్లతో మట్టి కెలికాను. గింజలోంచి అప్పుడే బయటికొచ్చిన తెల్లటి వేరు, వెంట్రుకంత ఉంటుందేమో, పుటుక్కున తెగింది. వేరు తెగిన గింజ ఇక లేవదు.

మిరపకు వెచ్చదనం కావాలి. 25–30 డిగ్రీలుంటే హాయిగా మొలుస్తుంది, చల్లబడితే 3 వారాలైనా పట్టొచ్చు. టమాటాతో పోటీ పెడితే ఎలా? గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. అంతకన్నా లోతుగా వేస్తే పైకి వచ్చేలోపే దాని ఓపిక అయిపోతుంది.

కాకర సంగతి వేరు. పైపెంకు మందం కదా అని 2 రోజులు నీళ్ళలో ముంచేశారు. గింజకూ ఊపిరి కావాలి, నీళ్ళడుగున గాలేదీ? మొనవైపు అంచును నెయిల్ కట్టర్‌తో కొద్దిగా చిట్లించండి, లోపలి పప్పుకు తగలకూడదు. ఒక్క రాత్రి నానబెట్టి, పిండిన తడిగుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి. వేరు అర సెంటీమీటరు రాగానే మట్టిలో పెట్టెయ్యండి. ఇంకా పెరగనిస్తే గుడ్డ నేతలో చిక్కుకుంటుంది.

ఇక వాలిపోతున్న నారు. వంగి చూడండి, మట్టిని ఆనుకున్న చోట కాడ నీరుపట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడిందా? అది నారుకుళ్ళు తెగులు. పడిపోయినవి బతకవు, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. తడి ఆరకపోవడం, మొక్కలు ఒత్తుగా ఉండటం దానికి పండగ. పైనుంచి నీళ్ళు చల్లడం ఆపి, పైమట్టి ఆరాక ట్రేని నీళ్ళున్న పళ్ళెంలో 15 నిమిషాలు పెట్టి తీయండి. ట్రే మీద కవరు కప్పి ఉంటే మొలకలు కనబడగానే తీసి, వెలుతురున్న చోటికి మార్చాలి. లేకపోతే కాడలు పీలగా సాగుతాయి. ఆ మట్టితో మళ్ళీ నారు మాత్రం పోయకండి.

తవ్వొద్దన్నాను గానీ, ఆ ట్రేకి తెగులు పట్టింది కాబట్టి ఈ ఒక్కసారికి మిరప గింజల్ని జాగ్రత్తగా వేరే చిన్న కుండీలోకి, కొత్త మట్టిలోకి మార్చి, మొదట వేసినప్పటి నుంచి 21వ రోజు దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే ప్యాకెట్‌లో మిగిలిన వాటిలో 10 తీసి, తడిపిన టిష్యూ కాగితంలో చుట్టి డబ్బాలో వెచ్చగా పెట్టండి. మరో 2 వారాల్లో 3 కూడా మొలవలేదా, అప్పుడు తిట్టండి గింజల్ని.