యాత్ర దారిలో చెత్త ఏరితే నడక సాగుతుందా?

ప్రశ్న: స్పెయిన్‌లో సాంటియాగో దాకా వెళ్లే కామినో యాత్ర నడవాలని ఉంది. దారిలో టిష్యూలు, సీసాలు పడి ఉంటాయని విన్నాను. ఏరుకుంటూ వెళ్తే ఆలస్యమవుతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా ఏరండి, కానీ అంతా నేనే ఏరాలని మాత్రం పెట్టుకోకండి. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర మొదలయ్యే ప్రధాన మార్గమే దాదాపు 780 కిలోమీటర్లు, వీపున బరువుతో కనిపించిన ప్రతిదానికీ వంగి లేస్తుంటే నడుము, మోకాళ్లు పట్టేసి యాత్ర మీదే విసుగొస్తుంది. ఒక ఊరి నుంచి తర్వాతి ఊరికి ఒక చిన్న సంచి చాలు. దాన్ని బ్యాగు పక్కన చేతికందేలా కట్టుకోండి, ఊళ్లోకి రాగానే ఖాళీ చేసేయండి. అక్కడ పసుపు డబ్బా ప్లాస్టిక్ సీసాలకు, నీలం కాగితానికి, ఆకుపచ్చ గాజుకు.

అసలు బాధ టిష్యూలతోనే. పొదల చాటున వాడి పడేసినవి వానకు నాని, ఎండకు ఎండి గడ్డికి అతుక్కుపోయి ఉంటాయి, వాటిని వట్టి చేత్తో అస్సలు ముట్టుకోవద్దు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పట్టుకుని, అదే సంచిని తిరగేసి ముడి వేయండి. ఇవి నీలం డబ్బాలో కాదు, మామూలు చెత్తలో వేయాలి. పగిలిన గాజు, సూదుల జోలికి వెళ్లకండి.

తోటి యాత్రికులకు క్లాసులు పీకొద్దు, మీ చేతిలో సంచి చూసి అడిగినవాళ్లకు ఒక ఖాళీ సంచి ఇవ్వండి. మీరు వాడిన టిష్యూలకు వేరే జిప్ కవరు ముందే సర్దుకోండి.