రేవు ఉంటుంది, లీజు అయిపోతుంది

ప్రశ్న: నా వయసు 53. సింగపూర్‌లో ఉద్యోగం, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది. సీపీఎఫ్ (ఇక్కడి ప్రావిడెంట్ ఫండ్) కాకుండా లక్షన్నర సింగపూర్ డాలర్లు చేతిలో ఉన్నాయి. కంటైనర్ రేవులు నడిపే హచిసన్ పోర్ట్ హోల్డింగ్స్ ట్రస్ట్ యూనిట్లు (షేర్ల లాంటివి) ఏటా ఏడెనిమిది శాతం పంచుతున్నాయని ఆఫీసులో ఒకాయన చెప్పారు. సాయంత్రం ఈస్ట్ కోస్ట్ బీచ్‌లో నడుస్తుంటే కనుచూపు మేర ఓడలే. ఈ వ్యాపారం ఎక్కడికి పోతుంది? పోర్టులు అమ్మేస్తున్నారట, దాంతో ధర కూడా పెరుగుతుందంటున్నారు. లక్ష డాలర్లు పెట్టమంటారా?

జవాబు: లక్ష వద్దండి. అంతగా మనసు పడితే పది, పదిహేను వేలతో ఆగండి.

ముందు ఆ ఓడల సంగతి. బీచ్ నుంచి కనిపించేవి లంగరేసి ఉన్న ఓడలు. కొన్ని ఇంధనం కోసం ఆగినవి, కొన్ని తమ వంతు కోసం కాచుకున్నవి. ట్యాంకర్లూ ఉంటాయి. కంటైనర్ టెర్మినల్‌కు ప్రధానంగా డబ్బు వచ్చేది ఓడ బెర్తుకు (రేవులో ఓడ నిలిచే చోటుకు) ఆనుకుని, క్రేన్ పెట్టెను పైకి ఎత్తాకే. అదీగాక సింగపూర్ కంటైనర్ టెర్మినళ్లను ప్రధానంగా నడిపేది పీఎస్ఏ అనే కంపెనీ. అది సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ సొంతం, దాని షేర్లు మార్కెట్లో దొరకవు. మీరు అడిగిన ట్రస్ట్ ఇక్కడి ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది, అంతే. దాని ప్రధాన ఆస్తులు హాంకాంగ్‌లోని క్వాయ్ చింగ్, షెన్‌జెన్‌లోని యాన్‌టియాన్ టెర్మినళ్లు. మీరు చూసే ఓడలకూ మీరు కొనబోయే యూనిట్లకూ సంబంధమే లేదు.

అమ్మకం వార్త కూడా అలాంటిదే. 2025 మార్చిలో ఈ ట్రస్ట్ వెనకున్న హాంకాంగ్ కంపెనీ సీకే హచిసన్ ప్రకటించిన ఒప్పందం 23 దేశాల్లోని 43 పోర్టుల గురించి. ఈ ట్రస్ట్‌నూ, హాంకాంగ్, చైనా పోర్టులనూ అందులో చేర్చలేదని అప్పుడే చెప్పారు.

2011 మార్చిలో ఈ యూనిట్‌ను 1.01 అమెరికన్ డాలర్లకు అమ్మారు. కొన్నేళ్లుగా అది 20 సెంట్లకు అటూ ఇటూ తిరుగుతోంది. మీకు ఎనిమిది శాతం కనిపించడానికి సగం కారణం ధర అంతగా పడిపోవడమే. ఎందుకు పడింది? హాంకాంగ్ 2004 దాకా ప్రపంచంలో మొదటి కంటైనర్ పోర్టు. ఆ తర్వాత సింగపూర్, 2010 నుంచి షాంఘై ముందుకెళ్లాయి. ఇప్పుడు హాంకాంగ్ మొదటి పదిలో కూడా లేదు. అక్కడ లోతు తగ్గలేదు, క్రేన్లు పాడవలేదు. ఒకప్పుడు దక్షిణ చైనా ఫ్యాక్టరీల సరుకు హాంకాంగ్ మీదుగా పోయేది. తర్వాత ఆ ఫ్యాక్టరీల గుమ్మంలోనే లోతైన రేవులు వచ్చాయి. యాన్‌టియాన్ ఆ వరసలోదే. చైనా నుంచి అమెరికా, యూరప్‌లకు పోయే సరుకే దానికి ఆధారం కాబట్టి సుంకాల వార్త వచ్చినప్పుడల్లా దాని టెన్షన్ దానికి ఉంటుంది.

ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకైతే, అంటే దారిలో ఓడ మారే సరుకైతే, ఇంకా నిలకడ లేనిది. పెద్ద ఓడలోంచి పెట్టె దించుతారు, యార్డులో పెడతారు, చిన్న ఓడలోకి ఎక్కిస్తారు. ఒకే పెట్టెను రెండుసార్లు ఎత్తినందుకు టెర్మినల్‌కు బాగానే గిడుతుంది. కానీ ఆ పెట్టెకు ఆ ఊళ్లో పనేమీ లేదు, ఎక్కడ దించినా ఒకటే. 2000లో ఓడల కంపెనీ మెర్స్క్ తన ట్రాన్స్‌షిప్‌మెంట్‌ను సింగపూర్ నుంచి మలేషియాలోని తంజుంగ్ పెలెపాస్‌కు మార్చేసింది, ఆ రేవులో 30 శాతం వాటా కూడా తీసుకుంది. 2002లో మరో ఓడల కంపెనీ ఎవర్‌గ్రీన్ అదే దారి పట్టింది. సింగపూర్ తట్టుకుని లేచింది. అప్పుల మీద నడిచే ఒకటి రెండు టెర్మినళ్ల కంపెనీకి అలాంటి దెబ్బ తగిలితే తేరుకోవడం కష్టం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం గడువు. టెర్మినల్ నడిపేవాళ్లకు నేల సొంతం కాదు, ఇన్నేళ్లని లీజుకు తీసుకుంటారు. క్వాయ్ చింగ్ లీజులు 2047 జూన్‌తో ముగుస్తాయి. యాన్‌టియాన్‌కు ఇంకొన్నేళ్లు ఉంది. లెక్క తేలిగ్గా ఉండాలని అన్నీ 20 ఏళ్లలో అయిపోతాయనీ, చివర్లో చేతికేమీ రాదనీ అనుకుందాం. లక్ష పెట్టారు, ఏటా 8,000 వస్తోంది. 20 ఏళ్లకు మీ లక్ష మీకు రావాలంటే అందులో సుమారు 4,100 ఏటా తీసి 2 శాతం వడ్డీకి దాచాలి. మీరు ధైర్యంగా ఖర్చు పెట్టుకోగలిగేది 3,900. సీపీఎఫ్‌లో రిటైర్మెంట్ కోసం ఉండే స్పెషల్ అకౌంట్ ఇచ్చేదే 4 శాతం, అదీ ఏ ఓడ ఎటు పోయినా! ఈ లెక్క కాస్త కఠినమే, ఒప్పుకుంటాను. గడువు పొడిగించవచ్చు. మలేషియాలో వెస్ట్‌పోర్ట్స్ అనే టెర్మినల్ కంపెనీకి 2082 దాకా ఇచ్చారు. కానీ ఊరికే ఇవ్వరు, దానికి బదులు కొత్త బెర్తులు కట్టాలి. ఆ ఖర్చు మీకు పంచే డబ్బులోంచే రావచ్చు.

అప్పు సంగతి వార్షిక నివేదికలో మీరే చూడండి. లీజు ఏళ్లు తరుగుతుంటే అప్పు కూడా తరగాలి. తరగకుండా పంపిణీ మాత్రం బాగుంటే జాగ్రత్త పడాల్సిందే.

మీ విషయంలో నేనైతే ముందు స్పెషల్ అకౌంట్‌లో ఇంకెంత వేయడానికి వీలుందో చూస్తాను. అందులో వేసింది రిటైరయ్యే దాకా బయటకు రాదు కాబట్టి అవసరానికి ఉండాల్సింది ప్రభుత్వం ఇచ్చే సింగపూర్ సేవింగ్స్ బాండ్లలో పెడతాను. వాటిని ఏ నెలలోనైనా జరిమానా లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాతే ఈ యూనిట్లు. కొంటే, వచ్చిన ప్రతి పంపిణీలో సగం ఆ బాండ్లలోకే మళ్లించండి. ఎనిమిది శాతం చెప్పిన ఆఫీసు ఆయన తన యూనిట్లు ఏ ఏడు, ఎంతకు కొన్నారో కూడా ఓసారి అడగండి.