కెమెరా కొనే ముందు

అమ్మడూ,

రెండు మోడళ్ల పేర్లు పంపి ఏది కొనమంటావు పెదనాన్నా అని అడిగావు. ఒకటి 20 మెగాపిక్సెళ్లు, ఇంకోటి 24 కాబట్టి రెండోదే మేలనిపిస్తోందని రాశావు. నువ్వు ముందు చూడాల్సింది ఆ అంకె కాదు. 20 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు సుమారు 5472 చుక్కలు (పిక్సెళ్లు), 24 అయితే 6000. తేడా పదో వంతు కూడా లేదు. 12 అంగుళాల ఫోటో చక్కగా ప్రింట్ వేయించడానికి 3600 చుక్కలు చాలు.

ముందు నాకొక సంగతి చెప్పు. ఈ కెమెరాతో ఎక్కువగా ఏం తీస్తావు? పాప డాన్స్ ప్రోగ్రాములని నీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది. నా సలహా అంతా దాని మీదే ఆధారపడింది. స్టేజి మీద వెలుతురు తక్కువ, పైగా పిల్ల కుదురుగా నిలబడదు. కెమెరాకి ఇంతకంటే కష్టమైన పని ఉండదు.

మీ నానమ్మ 80వ పుట్టినరోజుకి నేను చిన్న సెన్సర్ (వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే పలక), పెద్ద జూమ్ ఉన్న కెమెరా కొన్నాను. పగలు బాగానే తీసింది. సాయంత్రం దీపాల వెలుగులో తీసినవన్నీ గరుకుగా, అలికేసినట్టు వచ్చాయి. ఆవిడ నవ్వుతున్న ఫోటో ఒక్కటి కూడా స్పష్టంగా లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

అలాంటి చిన్న కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే రకంలో 23.5 × 15.6 దాకా ఉంటుంది, అంటే వైశాల్యం దాదాపు 13 రెట్లు. వెలుతురు పట్టే చోటు అంత పెరిగింది కాబట్టే రాత్రి ఫోటో శుభ్రంగా వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (36 × 24) ఇంకా మంచిదే, కానీ దాని లెన్సుల ధర, బరువు చూశాక నీకు ఏపీఎస్-సీ చాలనిపిస్తోంది.

ఇక లెన్స్. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్, జూమ్ చివరికి వెళ్తే సాధారణంగా ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అయితే 9 రెట్లకు పైగా వెలుతురు లోపలికి రానిస్తుంది. మొదటి దాంతో షట్టర్ (వెలుతురుని లోపలికి వదిలే తలుపు) 1/15 సెకను తెరిచి ఉంచాల్సిన చోట, రెండోదాంతో 1/125 పెట్టొచ్చు. 1/15లో పాప చేతులు చెరిగిపోతాయి, 1/125లో చాలావరకు నిలుస్తాయి. ఈ రకం లెన్సులు చవకలో దొరుకుతాయి కూడా. కాకపోతే జూమ్ ఉండదు, ముందు వరసలో కూర్చోవాలి. నీ డబ్బంతా బాడీకే, అంటే లెన్స్ కాకుండా మిగతా కెమెరాకే, పెట్టేయకు. నాలుగైదేళ్లకి బాడీ మారుస్తావు, మంచి లెన్స్ నీ దగ్గరే ఉండిపోతుంది.

కొత్తదైతే లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ తీసుకో. కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ మౌంట్లు (బాడీకి లెన్స్ బిగించే అమరికలు) రెండూ 2018లో వచ్చాయి, ఆ కంపెనీల దృష్టి ఇప్పుడు వాటి మీదే. ఒక కంపెనీ బాడీ కొన్నావంటే ఇక లెన్సులన్నీ ఆ మౌంట్‌కి సరిపడేవే కొనాలి కాబట్టి, నీకు కావలసిన లెన్స్ అందులో ఉందో లేదో ముందే చూసుకో.

డబ్బు సరిపోదని టెన్షన్ పడకు, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న పాత రకం) కూడా మంచిదే. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, అంటే ఎన్ని ఫోటోలు తీశారో అడుగు. లెన్స్‌లోకి టార్చి వేసి చూడు, సాలెగూడులా కనిపిస్తే ఫంగస్ పట్టిందన్నమాట, దాన్ని తీసుకోవద్దు. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని తీస్తే సెన్సర్ మీది దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది.

ఇంకో బ్యాటరీ, అసలైన మెమరీ కార్డు కూడా లెక్కలో వేసుకో. మిర్రర్‌లెస్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది. నకిలీ కార్డులు చాలా ఉన్నాయి కాబట్టి తెలిసిన చోటే కొను.

కొనేముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడు. పిడి నీ వేళ్లకి అమరకపోతే ఆ కెమెరా బీరువాలోనే ఉండిపోతుంది. కొన్నాక రిటర్న్ గడువు లోపలే, రాత్రి ఇంట్లో ఒక్క దీపం ఉంచి పాపని డాన్స్ చేయమని ఓ 50 ఫోటోలు తియ్యి. వాటి సైజు తగ్గించకుండా అలాగే నాకు పంపు, చూసి చెప్తాను.

మీ పెదనాన్న