పాడేవాడు డిక్కీలో ఉన్నాడా?

ప్రశ్న: పాత హ్యాచ్‌బ్యాక్ కారు కొన్నాను. ముందు డోర్లలో కంపెనీ స్పీకర్లున్నాయి. అవి చాలవని వెనక ట్రే మీద పెద్ద ఓవల్ స్పీకర్లు రెండు పెట్టించాను. మోత పెరిగింది గానీ పాట బాగోలేదు. శ్రీకాకుళం వెళ్తుంటే మా ఆవిడ ‘పాడేవాడు డిక్కీలో కూర్చున్నాడా?’ అంటోంది. సౌండ్ పెంచితే ఎడమ డోరు జర్రుమంటోంది. ఆంప్లిఫయర్ పెడితే బాగుపడుతుందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఆంప్లిఫయర్ మాట ఇప్పుడే ఎత్తకండి. మీ ఆవిడగారి చెవి మంచిది, ఆవిడ మాట వినండి.

మాది విజయనగరం. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. ఇక్కడ కచేరీకి వెళ్లి గాయకుడికి వీపు పెట్టి కూర్చున్నవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. మీరు కారులో చేస్తున్నది అదే. స్టీరియోలో ముందు, వెనక స్పీకర్లకి మోత పంచే ఫేడర్‌ని ముందుకి జరపండి. వెనక స్పీకర్లు మోగుతున్నట్టు ముందు సీట్లోవాళ్లకి తెలియకూడదు. అవి వెనక కూర్చున్న పిల్లల కోసం, అంతే.

డబ్బులు పెట్టాలనుంటే ముందు డోర్లకి పెట్టండి. బేస్ పలికే ఆరున్నర అంగుళాల వూఫర్ కింద డోర్లో, సన్నటి శబ్దం పలికే చిన్న ట్వీటర్ విడిగా ఉండే సెట్ తీసుకోండి. బేస్ ఎటునుంచి వస్తోందో చెవి అంతగా పట్టించుకోదు. సన్నటి శబ్దం అలా కాదు, సూటిగా పోతుంది. ట్వీటర్ మీ మోకాలి దగ్గరుంటే పాటలో తాళాల చప్పుడు మోకాలికే వినిపిస్తుంది. సైడు అద్దం లోపలివైపు ఉండే ముక్కోణపు ప్లాస్టిక్ ముక్క దానికి మంచి చోటు.

ఇక డోరు. స్పీకర్‌కి పెట్టె అదే. లోపలి అట్ట విప్పి చూడండి, రేకు నిండా చిల్లులే. స్పీకర్లో ఊగే కోను ముందుకి తోసిన గాలీ వెనక్కి తోసిన గాలీ ఆ చిల్లుల్లోంచి కలిసిపోయి బేస్ చచ్చిపోతుంది. పెద్ద చిల్లులు బ్యూటైల్ షీటుతో (అంటుకునే రబ్బరు షీటు) మూయించండి, బయటి రేకుకి లోపలివైపు కూడా ఒక షీటు అంటించండి. డోరు అడుగున నీళ్లు పోయే చిల్లులు మాత్రం మూయనివ్వకండి. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో తుప్పు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? జర్రు మాత్రం ఒక్కోసారి డోర్ పాకెట్లో ఉన్న రూపాయి బిళ్లదే. పాట పెట్టి అట్టని అరచేత్తో అక్కడక్కడా నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక అంబాసిడర్‌కి ఒకవైపు డోర్లో ప్లస్సు, మైనస్సు తారుమారు చేసేశాను. రెండ్రోజులకి బండాయన వచ్చి ‘మృదంగం వాడు ఇంటికెళ్లిపోయాడోయ్’ అన్నాడు. ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, బేస్ ఎలా ఉంటుంది? మీదీ చూసుకోండి. స్టీరియో దగ్గర స్పీకర్ తీగలు విప్పి, వాటికి 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి. ప్లస్సుకి ప్లస్సు తగిలితే వూఫర్ కోను బయటికి పొంగాలి. ట్వీటర్‌కి మాత్రం నేరుగా ఈ ప్రయోగం చేయకండి.

ఇవన్నీ అయ్యాక కూడా గొంతు మీ కుడి డోర్లోంచే వస్తున్నట్టుంటుంది, అది మీకు దగ్గర కాబట్టి. శబ్దం 34 సెంటీమీటర్లు నడవడానికి దాదాపు ఒక మిల్లీ సెకను పడుతుంది, ఆ కాస్త తేడానే చెవి పట్టేస్తుంది. స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే కుడి స్పీకర్‌ని ఆమాత్రం ఆలస్యం చేయండి. లేకపోతే బ్యాలెన్స్ రెండు గీతలు ఎడమకి తిప్పండి. పక్క సీట్లో ఆవిడకి అప్పుడు ఎడమ స్పీకర్ గట్టిగా వినిపిస్తుంది, అది ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి.

అన్నట్టు, అద్దం పక్క స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటే ట్వీటర్ కోసం అక్కడ డ్రిల్లు పెట్టనివ్వకండి.