టెక్ సందేహాలు: మెసేజ్ వెళ్తుంది, అటువైపు చూసేదెవరు?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ హైదరాబాద్‌లో ఉద్యోగం కోసమో చదువు కోసమో ఉంటున్న అమ్మాయిల నుంచి, వాళ్ల ఇంట్లోవాళ్ల నుంచి వచ్చినవే. మిగతా సందేహాలను వచ్చే వారానికి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: గచ్చిబౌలిలో నా షిఫ్ట్ రాత్రి పదిన్నరకు అయిపోతుంది. హాస్టల్ కేపీహెచ్‌బీలో. రోజూ క్యాబో బైక్ ట్యాక్సీయో ఎక్కాల్సిందే. ఫోన్‌లో మూడు సేఫ్టీ యాప్‌లు వేసుకున్నాను. ఒకదాన్ని నొక్కి చూస్తే అసలు మెసేజే వెళ్లలేదు. ఏది ఉంచుకోవాలి?

జవాబు: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి, మనం తెరవని యాప్‌లను లోలోపల ఆపేస్తాయి. సేఫ్టీ యాప్ అంటే రోజుల తరబడి తెరవని యాప్ కదా, ముందు దెబ్బ దానికే తగులుతుంది. యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని, లొకేషన్‌ను 'ఆల్ ది టైమ్' అని మార్చండి. రీఛార్జ్ ప్లాన్‌లో ఎస్ఎంఎస్‌లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఆపద మెసేజ్‌లు చాలావరకు ఎస్ఎంఎస్‌గానే వెళ్తాయి.

అయితే అన్నిటికంటే ముందు ఫోన్‌లోనే ఉన్న ఎస్ఓఎస్‌ను, అంటే ఆపదలో సాయం కోరుతూ మీవాళ్లకు మెసేజ్ పంపే ఏర్పాటును, సిద్ధం చేసుకోండి. సెట్టింగ్స్‌లో 'ఎస్ఓఎస్' అని వెతికితే దొరుకుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే అయిదుసార్లు, కొన్నింటిలో మూడుసార్లు నొక్కాలి. మన దేశంలో ఐఫోన్‌కైతే పక్క బటన్ మూడుసార్లు. చాలా ఫోన్లలో తెర చూడాల్సిన పని లేదు, బ్యాగులో చెయ్యి పెట్టి కూడా నొక్కొచ్చు. భయంతో చేతులు వణికేటప్పుడు యాప్ వెతికి, లాక్ తీసి, బటన్ నొక్కడం ఎంత కష్టమో ఆలోచించండి.

తర్వాత, ఆ మెసేజ్ ఎవరికి వెళ్తుంది? ఈ సంగతి ఎవరూ అడగరు, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. ఒకసారి మా చెల్లెలు రాత్రి పదకొండింటికి ఆటో దారి మళ్లిందని నాకు మెసేజ్ పెట్టింది. నేను చూసింది తెల్లారి ఆరింటికి. ఫోన్ 'డు నాట్ డిస్టర్బ్'లో, అంటే కాల్స్, మెసేజ్‌ల చప్పుడు రాకుండా ఆపే సెట్టింగ్‌లో ఉంది. తను క్షేమంగానే ఇల్లు చేరింది, కానీ ఆ ఉదయం నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఆ రోజే సెట్టింగ్ మార్చాను. ఆండ్రాయిడ్‌లో మీ వాళ్ల ఫోన్‌లో మీ పేరుకు స్టార్ పెట్టించి, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్, మెసేజ్‌లను 'డు నాట్ డిస్టర్బ్'లోనూ అనుమతించమని చెప్పాలి. ఐఫోన్‌లో మీ కాంటాక్ట్ తెరిచి రింగ్‌టోన్, టెక్స్ట్ టోన్ రెండింటిలోనూ 'ఎమర్జెన్సీ బైపాస్' ఆన్ చేయించాలి. మీ వాళ్లకు మెసేజ్ వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. మొదట మీకు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే క్యాబ్ నంబర్‌తో ఆపద నంబర్ 112కు చెప్పాలి. కాబట్టి క్యాబ్ నంబర్‌ను ఎక్కేముందే వాళ్లకు పంపండి. మీ రూమ్మేట్ ఒకరు, ఇంట్లోవాళ్లు ఒకరు, ఇద్దరు చాలు.

మీ మూడు యాప్‌లు తీసేసినా పర్వాలేదు. ఒకటి ఉంచుకోవాలనుకుంటే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ చూడండి. 2024 మార్చిలో మొదలైంది. యాప్ లేకున్నా 100కు ఫోన్ చేసి 8 నొక్కి మీ ప్రయాణాన్ని పోలీసుల పర్యవేక్షణలో పెట్టొచ్చు. క్యాబ్ యాప్‌లో ప్రయాణం మొదలుపెట్టే పిన్ ఉంటే ఆన్ చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటోంది. మేం కరీంనగర్‌లో ఉంటాం. తనకు తెలియకుండా ఎక్కడుందో రోజంతా చూసే యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: మీ భయం అర్థమైంది, కానీ అలాంటి యాప్ పేరు చెప్పను. తనకు తెలిసిన రోజున ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తుంది. అంతకంటే ప్రమాదం, నిజంగా ఇబ్బంది వచ్చినప్పుడు మీకు చెప్పడానికి వెనకాడుతుంది. వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పెట్టుకోవచ్చు. రాత్రి బయలుదేరినప్పుడు గంటకు పెట్టమని తననే అడగండి.

ప్రశ్న: ఒకప్పుడు పరిచయమున్న వ్యక్తి నేను ఎక్కడికెళ్తే అక్కడికి వస్తున్నాడు. ఆఫీస్ దగ్గర, షాపింగ్ దగ్గర, చివరికి స్నేహితురాలి ఇంటి దగ్గర కూడా. ఫోన్‌లో ఏదైనా పెట్టాడా?

జవాబు: పెట్టి ఉండొచ్చు. మీ అనుమానాన్ని ఎవరైనా కొట్టిపారేస్తే పట్టించుకోకండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను, ఏదైనా దొరికిన వెంటనే తీసేయకండి. అవి ఆధారాలు. పైగా తీసేసిన సంగతి అతనికి తెలిసిపోతుంది. ముందు మరో ఫోన్‌తో ఫొటోలు తీయండి, నమ్మకమైన వాళ్లకు చెప్పండి.

వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' చూడండి. మీది కాని కంప్యూటర్ ఏదైనా ఉందా? గూగుల్ ఖాతాలో సైన్ ఇన్ అయిన పరికరాల జాబితా, గూగుల్ మ్యాప్స్‌లో 'లొకేషన్ షేరింగ్' చూడండి. ఎప్పుడో ఇష్టంగా పెట్టుకున్న షేరింగ్ విడిపోయాక కూడా నడుస్తూ ఉండిపోవచ్చు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ', 'డివైజ్ అడ్మిన్ యాప్స్' తెరవండి. మీరు పెట్టని యాప్ అక్కడుంటే అనుమానించాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఈ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్ నుంచి మార్చండి.

ఫోన్‌లో ఏమీ లేకపోతే స్కూటీ, హ్యాండ్‌బ్యాగు వెతకండి. ఎక్కడున్నామో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటి ట్రాకర్లు నాణెం కంటే కొంచెం పెద్దవి, డిక్కీలోనో సీటు కిందో దూరిపోతాయి. ఆండ్రాయిడ్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' కింద 'అన్‌నోన్ ట్రాకర్ అలర్ట్స్'లోకి వెళ్లి మీరే స్కాన్ చేయొచ్చు. ఐఫోన్ దానంతటదే హెచ్చరిస్తుంది. సిమ్ కార్డుతో నడిచే జీపీఎస్ ట్రాకర్ మాత్రం ఈ స్కాన్‌లో కనపడదు. అందుకే తెలిసిన మెకానిక్‌తో బ్యాటరీ వైర్ల దగ్గర చూపించండి.

ఇదంతా చేస్తూనే, మహిళలపై వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలైన షీ టీమ్స్‌కు చెప్పండి. 2014 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్నాయి. స్టేషన్‌లో 'ఇది మా పరిధి కాదు' అని పంపించడానికి వీల్లేదు. పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. అతను కనిపించిన తేదీ, సమయం, చోటు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి.

ప్రశ్న: మా అమ్మ కొండాపూర్‌లో ఇళ్లలో పని చేస్తుంది. తెల్లారి అయిదింటికే బయలుదేరుతుంది. తనది బటన్ల ఫోన్. తనకు ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లన్నింటికీ పానిక్ బటన్ ఉండాలన్నది నిబంధన. బటన్ల ఫోన్లలో 5 గానీ 9 గానీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆపద కాల్ వెళ్తుంది. మీ అమ్మ ఫోన్‌లో ఏ అంకో దాంతో వచ్చిన పుస్తకంలో చూసి, ఆ బటన్ మీద చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. ముందు చెప్పిన 100 తర్వాత 8 పద్ధతి కూడా ఈ ఫోన్‌తో పనిచేస్తుంది. ఊరికే నొక్కి చూడొద్దని చెప్పండి. ఒకవేళ పొరపాటున కలిస్తే కంగారుపడి పెట్టేయకుండా, 'పొరపాటున నొక్కాను, నేను బాగానే ఉన్నాను' అని చెప్పి పెట్టేయమనండి.